ఎల్ఈడీ తెరకి నేను చందా ఇవ్వను (డ్రాకులా మీదొట్టు)

నాలుగు రోజుల నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపు లో ఒకటే గోల. రాజోలు దగ్గర చిన్న ఊరు మాది. ఏటా అమ్మవారి తీర్థం జరుగుతుంది. ఆ రాత్రి గుడి ముందు స్టేజి కట్టి నాటకం ఆడించడం మా తాతల నాటి నుంచీ ఉన్న అలవాటు. ఈసారి మాత్రం కుర్రాళ్ళంతా కలిసి, నాటకం మానేసి ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి పెద్ద ఎల్ఈడీ తెర తెప్పిద్దాం అంటున్నారు. తెర మీద సినిమా, ఇంటర్వెల్లో డీజే. చందా లెక్క కూడా వేసేశారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒక రేటు, మనలాంటి "సాఫ్ట్‌వేరోళ్ళకి" దానికి మూడు రెట్లు.

నేను ఇవ్వనన్నాను. నాటకానికైతే అడిగినంతా ఇస్తాను, తెరకి పైసా ఇవ్వనన్నాను. అంతే, డల్లాస్ లో ఉన్న మా బావ అర్ధరాత్రి లేచి మరీ సమాధానం పెట్టాడు.

"ఒరేయ్, నాటకం అంటే సినిమా తియ్యడానికి డబ్బుల్లేనోళ్ళు ఆడుకునేదిరా. మొన్న నోస్ఫెరాటు చూశాం కదా, అలాంటిది స్టేజి మీద ఆడించి భయపెట్టు చూద్దాం. డ్రాకులా కిరీటం పెట్టుకుని హార్మోనీ పక్కన నిలబడి రాగం తీస్తాడా?"

కింద నలభై మంది పడీ పడీ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వాగాక ఒకటి అర్థమైంది. బావ ప్రపంచంలో ఉన్న కథలన్నీ వదిలేసి, తన వాదనకి అస్సలు పనికిరాని కథనే ఏరి తెచ్చుకున్నాడు. ఎందుకంటే ఇవాళ బావకి తెలిసిన డ్రాకులా పుట్టింది సినిమాలో కాదు, స్టేజి మీద. గ్రూపులో అంత పొడుగు మెసేజి పెడితే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. మీలో చాలామందికి మీ ఊళ్ళ నుంచి ఇలాంటి చందా మెసేజీలే వస్తూ ఉంటాయి, పనికొస్తుంది.

ముందు ఆ నవల రాసినాయన సంగతి. బ్రామ్ స్టోకర్ కి వృత్తి నవలలు రాయడం కాదు. లండన్ లో లైసియం థియేటర్ అనే నాటకశాలకి మేనేజరు. హెన్రీ ఇర్వింగ్ అనే పెద్ద రంగస్థల నటుడి దగ్గర టిక్కెట్ల లెక్కలు, ఉత్తరాలు, టూర్లు చూసుకునే మనిషి. నవల 1897 మే 26న వచ్చింది. దానికి ఎనిమిది రోజుల ముందు, మే 18న, అదే కథని లైసియం స్టేజి మీద నటులతో చదివించాడు. నాటక హక్కులు తన చేతిలోంచి పోకుండా అప్పటి చట్టం ప్రకారం చేసుకున్న ఏర్పాటు అది. అంటే డ్రాకులా పుస్తకంగా అచ్చయి షాపుల్లోకి రాకముందే స్టేజి ఎక్కేశాడన్నమాట. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ రిలీజ్ కంటే ముందు స్టేజింగ్ లో రన్ అయ్యాడు :)

ఇప్పుడు నవల్లో ఏముందో చూద్దాం. మీరు చదవకపోతే చదవండి, మన వృత్తిలో ఉన్నవాళ్ళకి అంతకంటే బాగా నచ్చే దెయ్యం కథ లేదు. ఎందుకో చెప్తా. అందులో కథ చెప్పే మనిషంటూ లేడు. మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులు, ఒక డాక్టరు ఫోనోగ్రాఫ్ సిలిండర్ల మీద మాట్లాడి పెట్టిన రికార్డింగులు, ఒక ఓడ కెప్టెన్ రాసుకున్న లాగ్ బుక్కు. మొదటి నాలుగు అధ్యాయాల్లో డ్రాకులా కోటలో హార్కర్ అనే కుర్ర లాయరు ఇరుక్కుని, అతన్ని ఎదురుగా చూస్తాడు. ఆ తర్వాత మిగతా పుస్తకం అంతా డ్రాకులా దాదాపు కనబడడు. అక్కడో నీడ, ఇక్కడో గబ్బిలం, మెడ మీద రెండు చుక్కలు, పొద్దున్నే పాలిపోయిన మొహం. మీనా అనే అమ్మాయి ఆ కాగితాలన్నీ టైపు చేసి, తేదీల వరసలో పెట్టి, కాపీలు తీస్తుంది. ఆ వరస చూసుకున్నాకే వీళ్ళకి శత్రువు ఎవరో, ఎక్కడ ఉన్నాడో తెలుస్తుంది.

ఒకసారి డ్రాకులా వాళ్ళ ఇంట్లో దూరి ఆ కాగితాలూ సిలిండర్లూ తగలబెట్టేస్తాడు. అదృష్టం, ఇంకో కాపీ ఇనప్పెట్టెలో ఉంటుంది. బ్యాకప్ లేకపోతే లండన్ గతి ఏమయ్యేదో!

రాత్రి రెండింటికి ఆన్ కాల్ లో లేచినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. డీబగ్గర్ లో ఎదురుగా దొరికిన బగ్ మనల్ని భయపెట్టదు. లాగ్స్ లో మాత్రం ఆనవాళ్ళు వదిలి, మనం చూసే టైముకి మాయమైపోయి, మళ్ళీ పదిహేను నిమిషాలకి ఇంకో సర్వర్ లో తేలే బగ్ ఉంటుంది చూశారూ, దానికి చెమటలు పడతాయి. స్టోకర్ ఆ భయాన్నే పట్టుకున్నాడు. అతని దెయ్యం లాగ్ ఫైల్లో ఉంటుంది, స్క్రీన్ మీద ఉండదు.

పుస్తకం మొత్తంలో నాకు బాగా భయం వేసిన చోటు ఆ ఓడ లాగ్ బుక్కు. డిమీటర్ అనే ఓడ. రోజుకో ఎంట్రీ. ఇవాళ ఒకడు కనబడలేదు. కొన్ని రోజులకి ఇంకొకడు. తర్వాత ఇంకొకడు. చివరికి ఓడ తనంతట తాను ఒడ్డుకి కొట్టుకొస్తుంది, కెప్టెన్ శవం చుక్కానికి కట్టేసి ఉంటుంది. అంతా కలిపి కొద్ది పేజీలు. 2023లో ఆ కొద్ది పేజీలనే రెండు గంటల సినిమాగా తీశారు, "ద లాస్ట్ వోయేజ్ ఆఫ్ ది డిమీటర్" అని. ఖర్చు బాగానే పెట్టారు. రెక్కలు, కోరలు, గోళ్ళు, ఒళ్ళంతా చూపించారు. చూస్తున్నంతసేపూ నాకు వచ్చిన ఆలోచన ఒకటే, ఈ బొమ్మకి మేకప్ ఎన్ని గంటలు పట్టిందో అని! సినిమా ఆడలేదు. ఆడకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి, దాన్ని సాక్ష్యంగా వాడుకోను. నాకు భయం వెయ్యలేదన్నదే నా సాక్ష్యం.

"సినిమా అంటే అదొక్కటేనా, 1922 నాటి అసలు నోస్ఫెరాటు సంగతేంటి?" అని బావ అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ముర్నౌ తీసిన ఆ మూకీ సినిమా గొప్పది, ఒప్పుకుంటున్నా. హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీసేశారు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేస్తే 1925లో జర్మనీ కోర్టు ప్రింట్లు నాశనం చెయ్యమంది. కొన్ని మిగిలిపోయాయి కాబట్టి మనం చూడగలుగుతున్నాం. అయితే అందులో ఇవాళ్టికీ అందరూ గుర్తుపెట్టుకున్న సీను ఏది? మెట్ల గోడ మీద పాకుతూ వెళ్ళే నీడ. మనిషి కాదు, నీడ! మన తోలుబొమ్మలాట వాళ్ళకి తెలిసిన విద్యే కదా అది. ఎండ తగిలితే రక్తపిశాచి చచ్చిపోతుందని మనమంతా నమ్ముతామే, అది కూడా ఆ సినిమా కల్పించిందే. నవల్లో డ్రాకులా పట్టపగలు లండన్ వీధిలో తిరుగుతాడు. చివరికి అతన్ని చంపేది ఎండ కాదు, రెండు కత్తులు. అందులో ఒకటి మన గూర్ఖాల కుక్రీ.

ఇక అసలు సంగతికి వస్తున్నా.

హామిల్టన్ డీన్ అని ఇంగ్లండ్ లో ఊరూరా తిరిగి నాటకాలాడే సమాజం నడిపినాయన ఉన్నాడు. మన నాటక సమాజాల లాంటిదే, పెద్ద డబ్బున్న వ్యవహారం కాదు. ఫ్లోరెన్స్ దగ్గర అనుమతి తీసుకుని 1924లో డెర్బీ అనే ఊళ్ళో డ్రాకులా నాటకం మొదలుపెట్టాడు. తను వాన్ హెల్సింగ్ వేషం కట్టాడు. ఇప్పుడు అతని సమస్య ఆలోచించండి. నవల్లో కొండలు, కోట, తోడేళ్ళు, ఓడ, శ్మశానం, గుర్రాల వేట ఉన్నాయి. అతని దగ్గర ఉన్నది ఒక స్టేజి, కొన్ని కుర్చీలు. అందుకని కథ మొత్తం ఇంట్లోకి తెచ్చేశాడు. డ్రాకులాని పెద్దమనుషుల డ్రాయింగు రూములోకి రప్పించాలి. నవల్లో ఉన్నట్టు తెల్ల మీసాలతో, కంపు కొట్టే నోటితో, అరచేతుల్లో వెంట్రుకలతో వస్తే ఆ ఇంటివాళ్ళు గుమ్మంలోనే తరిమేస్తారు కదా? అందుకని శుభ్రంగా సూటు వేసి, తల దువ్వి, మర్యాదగా నమస్కారం పెట్టించాడు. ఇవాళ మన పిల్లలు ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి వేసుకెళ్ళే డ్రాకులా అదే, డబ్బుల్లేక పుట్టిన డ్రాకులా.

ఆ నిటారుగా లేచిన కాలరు సంగతి ఇంకా బాగుంటుంది. పైన కప్పుకునే నల్ల అంగరఖా నవల్లోనూ ఉంది. కాలరు మాత్రం నాటకానిదే. స్టేజి మీద డ్రాకులా అందరి కళ్ళ ముందూ మాయమవ్వాలి. గ్రాఫిక్స్ లేవు. ఏం చేశారంటే, వాన్ హెల్సింగ్ వాళ్ళు అతన్ని చుట్టుముట్టి అంగరఖా పట్టుకుంటారు. నటుడు జనానికి వీపు తిప్పి నిలబడతాడు. ఎత్తు కాలరు వల్ల తల కనబడదు. ఆ క్షణంలో కింద పలక తెరుచుకుంటుంది, అతను స్టేజి కిందకి జారిపోతాడు. పట్టుకున్నవాళ్ళ చేతుల్లో ఖాళీ గుడ్డ మిగులుతుంది. అంతే! జనం కెవ్వుమనేవాళ్ళట. లండన్ లో ఆడినప్పుడు ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే చూసుకోవడానికని హాల్లో నర్సుని కూడా పెట్టారు. పబ్లిసిటీ స్టంటే అనుకోండి, అయినా నర్సు ఉందంటే నమ్మేటంత భయం ఆ నాటకంలో ఉండబట్టే ఆ స్టంటు పారింది.

1927లో జాన్ బాల్డర్‌స్టన్ దాన్ని తిరగరాసి న్యూయార్క్ బ్రాడ్వే కి తెచ్చాడు. డ్రాకులా వేషం కట్టింది బేలా లుగోసీ అనే హంగేరీ నటుడు. 261 ప్రదర్శనలు ఆడింది. దాన్ని చూసి యూనివర్సల్ వాళ్ళు 1931లో సినిమా తీశారు, అదే లుగోసీతో, ఆ నాటకాన్నే చాలావరకు ఆధారం చేసుకుని. బావా, వింటున్నావా? డ్రాకులాకి ప్రపంచం మొత్తం గుర్తుపట్టే రూపాన్నిచ్చిన సినిమా ఒక నాటకానికి వీడియో వెర్షన్. ఆ సినిమాలో లుగోసీ కోరలు ఒక్కసారి కూడా కనబడవు తెలుసా? మనకి గుర్తున్నవన్నీ ఆ కళ్ళు, ఆ నడక, మాట మాటకీ మధ్య అతనిచ్చే ఖాళీ. అవన్నీ స్టేజి మీద నెలల తరబడి రోజూ ఆడి ఆడి పదును పెట్టుకున్నవి.

కోరలూ రక్తమూ రంగుల్లో వచ్చింది 1958లో, క్రిస్టఫర్ లీ వేసిన హామర్ వాళ్ళ సినిమాతో. బాగుంటుంది, కాదనను. కానీ అక్కడి నుంచి వరస చూడండి. ప్రతి సినిమా ముందుదాని కంటే ఇంకాస్త ఎక్కువ చూపించాలని పోటీ. ఒకడు లీటరు రక్తం పోస్తే ఇంకొకడు డ్రమ్ము. డ్రమ్ముకి అలవాటు పడ్డ జనాన్ని ఆ తర్వాత దేనితో భయపెడతారు?

మనం కోడ్ లో రెండు పద్ధతులు పోల్చాలంటే ఏం చేస్తాం? మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి చూస్తాం కదా. డ్రాకులా విషయంలో అలాంటి టెస్టు ఒకటి జరిగింది. 1977లో అదే డీన్, బాల్డర్‌స్టన్ నాటకాన్ని బ్రాడ్వేలో మళ్ళీ ఆడించారు. హీరో ఫ్రాంక్ లాంజెల్లా. ఎడ్వర్డ్ గోరీ అనే చిత్రకారుడు సెట్లన్నీ నలుపు తెలుపుల్లో గీసి, ప్రతి రంగంలో ఎక్కడో ఒక చిన్న ఎర్ర వస్తువు మాత్రం పెట్టాడు. నాటకం విపరీతంగా ఆడింది. 1979లో అదే లాంజెల్లాతో హాలీవుడ్ సినిమా తీసింది. అదే మనిషి, అదే పాత్ర, అదే మూలం. మారింది మీడియం, బడ్జెట్. దర్శకుడు జాన్ బాధమ్ నలుపు తెలుపుల్లో తీస్తానన్నాడు, స్టూడియో ఒప్పుకోలేదు, రంగుల్లోనే తీయించారు. తర్వాత ఎప్పటికో వీడియో గా విడుదల చేసినప్పుడు ఆయన రంగులు పిండేసి, వెలిసిపోయినట్టు చేసి బయటికి వదిలాడు. అంటే సినిమా తీసినాయన కూడా చివరికి స్టేజి వైపే నడిచాడు. డబ్బున్న స్టూడియోకి తెలియంది, నల్ల రంగూ ఒక్క ఎర్ర చుక్కా ఉన్న స్టేజికి తెలుసు.

ఇంకొకటి. 1992లో కొప్పోలా డ్రాకులా తీశాడు. అప్పటికే కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చేశాయి. ఆయన అవి వద్దని, ఎఫెక్ట్స్ వాళ్ళని పంపించేసి, తన కొడుకు రోమన్ చేత అద్దాలు, నీడలు, వెనక్కి తిప్పిన ఫిల్ము, బొమ్మ సెట్లు లాంటి పాతకాలం కిటుకులతో చేయించాడు. ఆ కిటుకుల్లో చాలావాటి పుట్టిల్లు ఇంద్రజాలికుల స్టేజే. చేతిలో డబ్బు పెట్టుకుని అటు వెళ్ళాడంటే ఏదో కారణం ఉండాలి కదా బావా?

నాటకం తప్పులూ చెప్పాలి, లేకపోతే వాదన కాదు భజన అవుతుంది. బ్రాడ్వే నాటకం ట్రాన్సిల్వేనియాని పూర్తిగా ఎత్తేసింది. కథ అంతా డాక్టర్ సెవార్డ్ పిచ్చాసుపత్రిలోనే. లూసీ, మీనా పాత్రలు తారుమారు చేసింది. నేను ముచ్చటపడ్డ ఆ డైరీలు, టైపు కాపీలు, బ్యాకప్, అన్నీ పోయాయి. కథని నడిపించే తెలివైన మీనా నాటకంలో లేనే లేదు. ఇది పెద్ద నష్టమే. సినిమాలు కూడా ఆ నష్టాన్ని అలాగే కాపీ పేస్ట్ చేసుకున్నాయి. కానీ నవల ప్రాణం ఒకటుంది, "చూడలేకపోతున్నాం కాబట్టి భయం" అనేది. దాన్ని మాత్రం స్టేజి పోగొట్టలేదు. పోగొట్టాలన్నా దాని దగ్గర డబ్బు లేదు!

ఇదంతా లండన్, న్యూయార్క్ భాగోతం, మనకెందుకు అంటారా? సరే, రాజోలు వద్దాం.

యండమూరి వీరేంద్రనాథ్ పుట్టింది మా రాజోల్లోనే, 1948లో. "తులసిదళం" రాసింది ఆయనే. ముందు వారపత్రికలో సీరియల్ గా వచ్చింది. మా అమ్మ దగ్గర పత్రికలోంచి కత్తిరించి బైండు చేయించిన కాపీ ఉండేది. టెన్త్ సెలవుల్లో దొంగతనంగా చదివి, వారం రోజులు పెరట్లో కొబ్బరి చెట్ల వైపు రాత్రిపూట వెళ్ళలేదు. ఆ నవల కిటుకు ఏంటంటే, తులసి అనే చిన్నపిల్ల మీద కాష్మోరా ప్రయోగం జరుగుతుంది. ఒకవైపు డాక్టర్లు, హిప్నాటిజం, సైన్సు. ఇంకోవైపు మంత్రగాళ్ళు, చేతబడి. రెండు వైపులా కథ సమానంగా పరిగెడుతుంది. పాప ఏ వైపు వల్ల బతికింది అనేది చదివినవాడు తేల్చుకోవాలి. దీని మీద పెద్ద యుద్ధమే జరిగింది. మూఢనమ్మకాలు పెంచుతోందని రంగనాయకమ్మ గారు "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని ఏకంగా పుస్తకమే రాశారు. ఎవరి వైపున్నా ఒకటి ఒప్పుకోవాలి, ఆ అనుమానమే లేకపోతే పుస్తకంలో భయం లేదు, దెబ్బలాటా లేదు.

మరి సినిమా ఏం చెయ్యగలదు? కన్నడంలో 1985లో "తులసీదళ" వచ్చింది. దాని తరువాయి నవల "తులసి" ఆధారంగా తెలుగులో 1986లో "కాష్మోరా" వచ్చింది. 2008లో రాంగోపాల్ వర్మ హిందీలో "ఫూంక్" తీశాడు, తెలుగులో అది "రక్ష" అయింది. దేవుడూ దెయ్యం లేవనే తండ్రి, చేతబడికి గురైన కూతురు. తులసిదళం చదివినవాళ్ళకి పోలిక ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఫూంక్ చివరికొచ్చేసరికి అనుమానం మిగలదు. చేతబడి నిజమే అని తేలిపోతుంది, తండ్రి దారికొస్తాడు. కెమెరాకి వచ్చిన చిక్కే ఇది. తెర మీద చూపించిందల్లా జరిగినట్టే లెక్క. పాప గాల్లో లేచినట్టు చూపించాక "లేవలేదేమో" అనుకునే వీలు చూసేవాడికి ఉండదు. రంగనాయకమ్మ గారు పుస్తకం మీద వేసిన నింద నా లెక్కలో పుస్తకం కంటే సినిమాకే ఎక్కువ తగులుతుంది.

అదే స్టేజి మీద ఊహించండి. ఒక మంచం, దాని మీద పాప. ఈ పక్క దీపం కింద డాక్టరు, ఆ పక్క దీపం కింద మంత్రగాడు. పాప కేక వేస్తుంది. ఎవరి వల్ల? అక్కడ కూర్చున్న మూడొందల మందీ మూడొందల రకాలుగా తేల్చుకుంటారు. ఎందుకంటే స్టేజి మీద గాల్లో లేచినా తాడు ఉంటుందని అందరికీ తెలుసు. తెలిసీ భయపడతారు. యండమూరి కూడా "రఘుపతి రాఘవ రాజారాం" లాంటి నాటకాలు రాసి స్టేజి మీద పేరు తెచ్చుకున్న మనిషే. రెండు దీపాల మధ్య అనుమానం ఎలా నిలబెట్టాలో ఆయనకి స్టేజే నేర్పిందని నా నమ్మకం.

"మరి సురభి వాళ్ళు? వాళ్ళూ అన్నీ చూపిస్తారు కదా?" అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. మంచి పాయింటు. 1885లో మొదలైన సురభి సమాజం మాయాబజార్ ఆడితే మంటలు, వాన, గాల్లో ఎగిరే మనుషులు, అన్నీ కళ్ళ ముందే. 1957లో కె.వి.రెడ్డి సినిమాలో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే మనం ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తాం. కాదన్నదెవరు? కానీ అది ఆశ్చర్యం తమ్ముడూ, భయం కాదు. ఆశ్చర్యానికి చూపించాలి, భయానికి దాచాలి. రెండిటికీ ఒకే తెర వాడితే ఒకటి చెడుతుంది.

ఇప్పుడు మా ఊరి తీర్థానికి వస్తాను. నాకు పదేళ్ళప్పుడు మా ఊళ్ళో సత్యహరిశ్చంద్ర ఆడారు. రాత్రి ఒంటిగంట దాటాక కాటి సీను. స్టేజి లైట్లు చూసే ఆయన బల్బులన్నీ ఆర్పేసి ఒక్కటి ఉంచాడు. దానికి కూడా నీలం కాగితం చుట్టాడు. ఒకాయన భుజాన కర్ర పెట్టుకుని వచ్చి నిలబడి జాషువా పద్యం ఎత్తుకున్నాడు. శ్మశానం లేదు. శవాలు లేవు. చితి లేదు. వెనకాల తెర మీద వెలిసిపోయిన తోట బొమ్మ ఉంది, పాత సీనుది, మార్చడం మర్చిపోయారు! అయినా నాకు చితి కనబడింది. మా అమ్మమ్మ చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అప్పటిదాకా పల్లీలు తింటూ కబుర్లాడుతున్న ఊరు ఊరంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయింది. పద్యం అయ్యాక వెనక నుంచి ఎవరో ముసలాయన "ఆయ్, ఇంకోసారి" అన్నాడు. ఆయన మళ్ళీ పాడాడు. మళ్ళీ అదే నిశ్శబ్దం.

ఎల్ఈడీ తెరని "ఇంకోసారి" అని అడగండి చూద్దాం. రివైండ్ చేస్తారు, అంతే. ఈసారి మనకోసం ఇంకొంచెం గట్టిగా పాడదు.

బావ చెప్పినదాంట్లో ఒక మాట మాత్రం నిజం. ఈమధ్య మా ఊరికి వచ్చే నాటకాలు అంత బాగుండట్లేదు. సగం మంది వేషగాళ్ళు పెద్దవాళ్ళైపోయారు, హార్మోనీ మైకు కీచుమంటుంది, రెండు సీన్లు ఎగ్గొట్టి ఇంటికెళ్ళిపోతారు. ఎందుకని? కిందటేడు బృందానికి ఇచ్చిన డబ్బు కంటే స్టేజి పక్కన డీజే బాక్సులకి ఇచ్చింది ఎక్కువ. తిండి పెట్టకుండా గేదె పాలివ్వట్లేదంటే ఎలా? సర్వర్ కి బడ్జెట్ కోసేసి, స్లో అయిందని తిట్టి, తీసేద్దాం అని మీటింగ్ పెట్టే మేనేజర్లని మనం ఆఫీసులో చూస్తూనే ఉంటాం. లంచ్ లో కూర్చుని వాళ్ళని తిట్టుకుంటాం కూడా. ఊరి విషయంలో మనమే ఆ మేనేజర్లం అయిపోతున్నాం.

పైగా సినిమా చూడటానికి మా ఊళ్ళో కరువేం లేదు. అరుగు మీద కూర్చున్న ప్రతివాడి చేతిలో ఫోను ఉంది, అందులో ఓటీటీలు ఉన్నాయి. ఏడాదిలో 364 రాత్రులు తెర ముందే ఉన్నాం. మిగిలిన ఆ ఒక్క రాత్రి కూడా దానికే ఇచ్చేస్తే ఇక తీర్థం ఎందుకు? ఎవరింట్లో వాళ్ళు పడుకుని చూసుకోవచ్చు, చందా కూడా మిగులుతుంది.

కాబట్టి నా మాట ఇదీ. నా వాటా చందా, దానికి ఇంకో వాటా కలిపి, నాటకానికి ఇస్తాను. ఆ డబ్బు బృందం చేతికే వెళ్ళాలి, మంచి మైకులకీ లైట్లకీ వెళ్ళాలి. ఆ రాత్రికి డీజే వద్దు. బావ ఈసారి సెలవు పెట్టుకుని వస్తానంటే ముందు వరసలో కుర్చీ నేనే వేయిస్తాను. కాటి సీను లో ఆ ఒక్క బల్బు తప్ప అన్నీ ఆర్పించే పూచీ నాది. అప్పుడు పక్కవాడి చెయ్యి పట్టుకోకుండా కూర్చున్నాడా, వచ్చే ఏడు ఎల్ఈడీ తెరకి మొత్తం చందా నేనొక్కడినే కడతాను.

పట్టుకున్నాడా... మళ్ళీ ఏడాది రాజోలు పక్కన ఒక పల్లెలో, యండమూరి గారి అనుమతి దొరికితే, రెండు దీపాల మధ్య "తులసిదళం" ఆడించాలి. ఖర్చు డల్లాస్ నుంచి రావాలి.

ఏం బావా, పందెమా?